కారంపూడి వీరులు, పొటోచారి పేర్లు

కోడిపందెంతో ముదిరిన తగవు పల్నాటిని శ్మశానం చేసిందని మన పెద్దలు చెప్పుకుంటారు. 12వ శతాబ్దంలో కారంపూడి దగ్గర, నాగులేటి ఒడ్డున, సవతి అన్నదమ్ముల వర్గాలు తలపడ్డాయి. అక్కడి వీర్లగుడిలో ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు ఉత్సవం. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. ఆయుధాలు ఊరేగుతాయి. అయితే మందపోరునాడు కులం అడగకుండా అందరూ కలిసి తినే చాపకూడు కూడా ఉంది. ఈ ఉత్సవంలో మెచ్చుకోవలసింది అదే. కక్షలతో ఊళ్లు చీలిన సీమ మనది. పోయినవారిని తలుచుకోవడం మరొకరిని చంపడానికి సాకు కారాదు.

సమాధులను సందర్శించండి, అవి పరలోకాన్ని గుర్తుచేస్తాయన్నారు దైవప్రవక్త (స). వాటిపై కట్టడాలు వద్దన్నారు. (గుమ్మటాల గురించి ఉలమాల చర్చ వేరు.) ఆ హద్దుల్లోనే స్మారకం ఎలా కట్టవచ్చో బోస్నియాలో చూడవచ్చు. 1995 జూలైలో స్రెబ్రెనిత్సాలో బోస్నియా సెర్బు సైన్యం ఎనిమిది వేలమందికి పైగా ముస్లిం పురుషులను, బాలురను చంపి గోతుల్లో పూడ్చింది. తర్వాత జాడ తెలియకుండా యంత్రాలతో తవ్వి వేరేచోట్లకు తరలించింది. 2003లో తెరిచిన పొటోచారి స్మారకంలో ఆరుబయట నమాజు స్థలం, పేర్లు చెక్కిన రాళ్లు, పచ్చికలో బారులు తీరిన తెల్లని ఖబరు రాళ్లు ఉన్నాయి. ఒక రాతిపై 8,372 అని చెక్కి పక్కన చుక్కలు పెట్టారు, లెక్క ఇంకా ముగియలేదని.

డీఎన్‌ఏ పరీక్షతో గుర్తించిన ఎముకలకు ఏటా జూలై 11న జనాజా నమాజు చేసి ఖననం చేస్తారు. ఒకే మనిషి ఎముకలు రెండు మూడు గోతుల్లో దొరికిన సందర్భాలున్నాయి. దొరికిన నాలుగింటినే పూడ్చాలా, మిగతావి వచ్చేదాకా ఆగాలా అన్నది ఆ తల్లులే తేల్చుకోవాలి.