చలికంటె తడి చెడ్డది

స్కాట్లండు కొండసీమలలో శీతకాలమున వానయు మంచును కలిసి కురియును. అచ్చటి చిన్నరైతు చలికంటె తడికే జంకును. దట్టమైన బొచ్చు పొడిగానున్న ఆవు సున్నకు సుమారు 8 సెంటిగ్రేడు డిగ్రీలు దిగువ చలినైనను ఓర్చును. తడిసినచో 15 డిగ్రీలకే దాని మేత ఒంటివేడిని నిలుపుటకు వ్యయమగును. వెండ్రుకల నడుమ నిలిచిన గాలియే పశువునకు కంబళి. తడి దానిని లాగివేయును.

కావున ఆ రైతు ముందు గాలికి అడ్డుగోడయు, పడుకకు పొడిగడ్డియు అమర్చును. ఎండుమేత కడుపులో పులియుచు వేడి పుట్టించును గనుక చలిరాత్రి హెచ్చుగా వేయును. దప్పిగొన్న పశువు మేత తగ్గించును గనుక తొట్టిపై పేరిన మంచును పగులగొట్టును.

మన తెలుగునాటను పుష్యమాసపు రాత్రులు 15 డిగ్రీలకు దిగుట కలదు. అకాలవర్షమున తడిసిన లేదూడకు ఆ చలియే ప్రాణాపాయము కావచ్చును. వెంటనే పొడిగోనెతో తుడిచి, గాలి తగులనిచోట కట్టి, పాలు కుడుపుడు.