మేత మానిన తాబేలు తపస్సు చేయడం లేదు

శ్రీకూర్మం: దశావతారాలలో రెండవదైన కూర్మావతారానికి వెలసిన శ్రీకూర్మనాథుని ఆలయం శ్రీకాకుళం జిల్లా గార మండలంలో వుంది. స్వామి పడమటి ముఖంగా కొలువుదీరడం, రెండు ధ్వజస్తంభాలు వుండడం ఈ గుడి ప్రత్యేకతలు. స్వామికి దణ్ణం పెట్టుకున్న భక్తుల కళ్ళు ఆ తరువాత వెదికేది నక్షత్ర తాబేళ్ళనే. నల్లని డిప్ప మీద పసుపుపచ్చని చారలు చుక్కల్లా విచ్చుకుని వుండే ఈ ప్రాణులను స్వామి ప్రతిరూపాలుగా భావించి జనం చేతులు జోడిస్తారు.

అయితే ఈ భక్తే ఒక్కొక్కసారి తాబేలు ప్రాణం మీదికి తెస్తున్నది.

తోటలో దొరికిందనో, తెలిసినవారు ఇచ్చారనో తాబేలును ఇంటికి తెచ్చుకునేవారు పల్లెల్లో నేటికీ లేకపోలేదు. ఇంట్లో తాబేలు తిరిగితే లక్ష్మి నిలుస్తుందని నమ్మకం. డిప్పకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, వరండాలో సిమెంటు గచ్చు మీద ఒక మూల వదులుతారు. నాలుగు రోజులు పిల్లలు దాని చుట్టూనే వుంటారు. అయిదో రోజుకు తాబేలు తల లోపలికి లాక్కుని కదలకుండా కూర్చుంటుంది. పెట్టిన ఆకు పెట్టినట్టే వాడిపోతుంది. "తపస్సులో వుందిరా, దాన్ని కదపకండి" అని ఇంట్లోని ముసలమ్మ పిల్లలను కసురుతుంది.

ఆవు కుడితి ముట్టకపోతే ఆ పూటే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. మేకకు ఆకలైతే అరిచి గోల చేస్తుంది. తాబేలు నోరులేనిది. వారాల తరబడి తిండి లేకపోయినా ప్రాణం నిలుపుకోగలదు. అందుకే అది మేత మానిన సంగతి ఎవరికీ పట్టదు. పట్టేసరికి కళ్ళు లోతుకుపోయి, ఎత్తితే చేతికి తేలికగా తగులుతుంది.

వెచ్చదనం లేనిదే ఆకలి లేదు

తాబేలు ఒంట్లో మనకు మల్లే వేడి పుట్టదు. ఎండ తగిలితేనే ఒళ్ళు వెచ్చబడుతుంది. ఒళ్ళు వెచ్చబడితేనే తిన్నది అరుగుతుంది. పుష్య మాసపు చలిలో, ఎండ పొడ సోకని వరండాలో, చల్లని గచ్చు మీద వుంచితే దానికి ఆకలి ఎలా పుడుతుంది? చలిలోను, నడివేసవిలోను అది కదలిక తగ్గించుకుంటుంది. వానాకాలంలో చురుకుగా తిరిగి మేస్తుంది. గుడ్లతో వున్న ఆడ తాబేలు కూడా మేత తగ్గించి, నేల గోకుతూ తిరుగుతుంది. గచ్చు మీద దానికి గొయ్యి తీసుకునే చోటే వుండదు.

కాబట్టి మేత మానిందనగానే ముందుగా చేయవలసింది ఉదయపు ఎండలోకి తీసుకురావడం. పక్కనే నీడ తప్పనిసరిగా వుండాలి. వేడెక్కువైతే అది నీడలోకి జరుగుతుంది. నీడ లేకపోతే ఎండకే చచ్చిపోతుంది.

రెండవది నీరు. వెడల్పాటి పళ్ళెంలో గోరువెచ్చని నీరు దాని గడ్డానికి దిగువగా వుండేలా పోసి, పావుగంట నుంచి ఇరవై నిమిషాల పాటు అందులో వుంచాలి. నీరు తాగుతుంది, మలమూత్రాలు విడుస్తుంది. మెట్ట తాబేలుకు ఈత రాదు. చెరువు తాబేలనుకుని తొట్టిలోనో బావిలోనో వదిలితే మునిగిపోతుంది.

పెట్టే తిండిలోనే పొరపాటు

అన్నం, రొట్టె, పాలు, పప్పులు, ప్రసాదం తాబేలు తిండి కాదు. దాని కడుపు పీచు మేతకు అలవాటు పడ్డది. గరిక, పచ్చగడ్డి, మందార ఆకులు, మందార పూలు, మునగాకు, ముళ్ళు తీసిన నాగజెముడు మట్టలు మంచివి. అరటిపండు వంటి తీపి పళ్ళు ఎక్కువైతే విరేచనాలు పట్టుకుంటాయి. గోంగూర, పాలకూర రోజూ పెట్టకూడదు. వాటిలోని ఆమ్లం సున్నాన్ని ఒంటికి పట్టనివ్వదు. సున్నం చాలక, ఎండ లేక డిప్ప మెత్తబడుతుంది. పచారీ కొట్లలో దొరికే సముద్రపు నురుగును ఒక ముక్క దగ్గర వుంచితే తనకు కావలసినంత కొరుక్కుంటుంది.

నోరు బలవంతంగా తెరిచి తిండి కుక్కరాదు. అది ఊపిరిగొట్టంలోకి పోతే అంతే సంగతులు. డిప్పకు నూనె, పసుపు, రంగులు పూయడం కూడా మానాలి. డిప్ప పళ్ళెం మూత కాదు, దాని ఒంట్లో భాగం.

మేకల మందు ప్రాణాంతకం

ముక్కు నుంచి బుడగలు రావడం, నోరు తెరిచి గాలి పీల్చడం, కళ్ళు ఉబ్బడం, నోట్లో తెల్లని పాచి కట్టడం జబ్బు లక్షణాలు. కడుపులో పురుగులున్నా మేత మానుతుంది. ఇటువంటప్పుడు సొంత వైద్యం పనికిరాదు. ముఖ్యంగా మేకలకు, పశువులకు పురుగులు పోవడానికి వాడే ఐవర్‌మెక్టిన్ మందు తాబేలుకు విషం. ఇంట్లో సీసా వుంది కదా అని రెండు చుక్కలు వేసినా ప్రాణం పోవచ్చు. పశువుల డాక్టరుకు చూపించి, పేడ పరీక్ష చేయించిన తరువాతే మందు.

చట్టం ఏమంటున్నది

ఈ జాగ్రత్తలన్నీ తాబేలును అటవీ శాఖకు అప్పగించేలోగా పాటించవలసినవి మాత్రమే. నక్షత్ర తాబేలును పట్టడం, అమ్మడం, ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. 2022లో చేసిన సవరణతో దీనిని పులి, ఏనుగుల సరసన మొదటి షెడ్యూలులో చేర్చారు. మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ వరకు జైలు, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా పడవచ్చు. ప్రపంచ దేశాలు కూడా 2019లో దీని అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించాయి. అందమైన డిప్పే దీనికి శత్రువై, దొంగ రవాణాకు గురిచేస్తున్నది.

ఇంటికి తెచ్చుకున్నవారు భయపడి రాత్రికి రాత్రి ఏ పొదలోనో వదిలేయడం సరికాదు. నీరసించిన తాబేలును కుక్కలు, నక్కలు బతకనివ్వవు. జబ్బుదైతే అడవిలోని మిగతా వాటికీ అంటిస్తుంది. చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో గడ్డి పరిచి, దగ్గరలోని అటవీ రేంజి కార్యాలయంలో అప్పగించి, ఎక్కడ దొరికిందో చెప్పాలి.

కూర్మనాథునికి మొక్కుకోవాలంటే కొబ్బరికాయ వుంది, తులసిమాల వుంది. తోటలో తాబేలు కనబడితే దూరం నుంచే దణ్ణం పెట్టి, దాని దారిన దానిని పోనివ్వాలి. ఎండా, నీడా, గరికా దానికి అక్కడే దొరుకుతాయి.