మీకు తెలుసా? మామిడిపండు వంపును పట్టు గీత

తిరువూరు ప్రాంతపు తోటలలో పండిన బంగినపల్లి మామిడిపండును ఛాయాచిత్రమందలి నేపథ్యమునుండి వేరుచేయబూనినపుడు, మౌసుతో గీసిన లాసో గీత చేతి వణుకునెల్ల గ్రహించి అంచును రంపపు పళ్లవలె గరుకు గావింపగా, ఫోటోషాపునందలి పెన్ టూల్ ఆ ఫలము వంపును ఏ కుదుపును లేక అనుసరించుటకు కారణము కేవలము గణితము. రెండు యాంకర్ పాయింట్లును, వానినుండి వెలువడు రెండు హ్యాండిల్సును కలసి ఒక వక్రఖండమును సంపూర్ణముగ నిర్ణయించును.

ఈ వక్రములకు ఫ్రాన్సు దేశమున రెనో కార్ల సంస్థలో పనిచేసిన ఇంజనీరు పియర్ బెజియె పేరు స్థిరపడినది. కాని సిత్రోయెన్ సంస్థయందు పాల్ ద కాస్టెల్జో 1959లోనే ఈ మార్గమును కనుగొనియుండెను. ఆ సంస్థ దానిని రహస్యముగ నుంచుటచే ఆ ప్రతిభాశాలికి కీర్తి ఆలస్యముగ దక్కుట విచారకరము.

బిందువులు తగ్గినకొలది గీత నునుపెక్కును. వృత్తమునకు సైతము నాలుగు చాలును; వ్యాసార్ధములో సుమారు 0.55 వంతు పొడవుగల హ్యాండిల్సుతో గీసిన వలయము నిజవృత్తమునుండి 0.03 శాతమైనను తొలగదు. మామిడి ముక్కు చెంత మాత్రము ఒక బిందువు అధికముగ నుంచుడు. గీతను సెలెక్షనుగా మార్చునపుడు ఫెదర్‌ను ఒక్క పిక్సెలునకు మించనీయకుడు.