కార్డు కదలకూడదు, నలగకూడదు

ట్రేడింగ్ కార్డు అంటే క్రీడాకారుల ఫొటోలతోనో, పోకేమాన్ లాంటి పాత్రల బొమ్మలతోనో అచ్చువేసి, చిన్న ప్యాకెట్లలో అమ్మే అట్టముక్క. ఎక్కువ కార్డులు 63 మిల్లీమీటర్ల వెడల్పు, 88 మిల్లీమీటర్ల పొడవు ఉంటాయి. పిల్లలు వీటితో ఆడతారు, ఒకరితో ఒకరు మార్చుకుంటారు. పెద్దలు సేకరిస్తారు, అమ్ముతారు. అమెరికాలో ఈ సరదాకు వందేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. టాప్స్ కంపెనీ 1952లో వేసిన బేస్‌బాల్ ఆటగాడు మిక్కీ మాంటిల్ కార్డు ఒకటి 2022 ఆగస్టు వేలంలో కోటీ 26 లక్షల డాలర్లు పలికింది. అదే బొమ్మ ఉన్న కార్డు మూలలు అరిగిపోయి ఉంటే అందులో చిన్న వంతు కూడా రాదు. ఈ వ్యాపారంలో బొమ్మ ఎంత ముఖ్యమో, కార్డు ఎంత చెక్కుచెదరకుండా ఉందన్నదీ అంతే ముఖ్యం.

కోవిడ్ కాలంలో జనం ఇళ్లలో ఉండిపోయి పాత కార్డుల డబ్బాలు దించారు. ఆన్‌లైన్ అమ్మకాలు ఊపందుకున్నాయి. గ్రేడింగ్ (కార్డు స్థితిని పరీక్షించి 10కి మార్కులు వేయడం) చేసే పీఎస్‌ఏ సంస్థ వచ్చిపడిన కార్డులను తట్టుకోలేక 2021 మార్చిలో చాలా సేవలను కొంతకాలం ఆపేసింది. ఆ ఊపు ఇళ్లలోకీ వచ్చింది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన తెలుగువాళ్ల పిల్లల పుస్తకాల అరల్లో ఇప్పుడు పోకేమాన్ కార్డుల ఆల్బమ్‌లు కనిపిస్తాయి. హైస్కూలుకు వచ్చేసరికి కొందరు ఇంట్లోవాళ్ల సాయంతో ఈబే అనే ఆన్‌లైన్ అమ్మకాల సైట్‌లో అమ్మడం కూడా మొదలుపెడతారు. అక్కడ మొదటి పరీక్ష ప్యాకింగే.

గ్రేడింగ్‌లో నాలుగు చూస్తారు: మూలలు, అంచులు, ఉపరితలం, బొమ్మ సరిగ్గా మధ్యలో పడిందా లేదా. చివరిది అచ్చువేసినప్పుడే తేలిపోతుంది. మిగతా మూడూ రవాణాలో పాడవుతాయి. కార్డు మీది రంగు చాలా పలుచని పొర. మూల ఏదైనా గట్టి వస్తువుకు కొట్టుకుంటే ఆ పొర లేచి, కింది తెల్లకాగితం చుక్కలా బయటపడుతుంది. దాన్ని మళ్లీ సరిచేయలేం.

ఇప్పుడు టపా ప్రయాణం చూద్దాం. అమెరికా పోస్టల్ శాఖలో మామూలు ఉత్తరాలను యంత్రాలు వేరుచేస్తాయి. ఒక్కో యంత్రం గంటకు 30 వేలకు పైగా ఉత్తరాలను బెల్టుల మధ్య పట్టుకుని, చక్రాల చుట్టూ వంచుతూ లాక్కుపోతుంది. కాగితం ఆ వంపును తట్టుకుంటుంది. కవరులో విడిగా వేసిన కార్డు తట్టుకోదు. అలాగని గట్టి ప్లాస్టిక్‌లో పెట్టి అదే కవరులో వేస్తే, వంగని కవరు యంత్రంలో ఇరుక్కునే ప్రమాదం ఉంది. అందుకే అలాంటి ఉత్తరాలకు పోస్టల్ శాఖ అదనపు రుసుము తీసుకుంటుంది.

మంచి ప్యాకింగ్ లోపలి నుంచి బయటికి సాగుతుంది. ముందుగా కార్డుకు స్లీవ్ (పలుచని మెత్తటి ప్లాస్టిక్ సంచి) తొడగాలి. తర్వాత దాన్ని టాప్‌లోడర్‌లో (పైవైపు మాత్రమే తెరుచుకునే గట్టి పారదర్శక తొడుగు) పెట్టాలి. ఈ వరుస తప్పకూడదు. స్లీవ్ లేకుండా నేరుగా టాప్‌లోడర్‌లోకి తోస్తే దాని అంచే కార్డును గీస్తుంది. టాప్‌లోడర్ మందం కూడా కార్డుకు తగ్గట్టు ఉండాలి. మామూలు కార్డుకు 35 పాయింట్లది చాలు. పాయింటు అంటే అంగుళంలో వెయ్యో వంతు. ఆటగాడి జెర్సీ గుడ్డముక్క అతికించిన మందపాటి కార్డుల కోసం చేసిన 130 పాయింట్లదాంట్లో మామూలు కార్డు పెడితే, దారి పొడవునా అటూఇటూ జారుతూ మూలలు కొట్టుకుంటుంది.

ఎక్కువమంది తడబడేది టేపు దగ్గరే. కార్డు జారిపోకుండా టాప్‌లోడర్ నోటికి టేపు వేయాల్సిందే. కానీ మామూలు సెల్లోటేపు గట్టిగా పట్టేస్తుంది, తీశాక జిగురు మిగులుతుంది. కొన్నవాళ్లు దాన్ని బలంగా లాగితే కార్డు కూడా ఎగిరివచ్చి కింద పడవచ్చు. కత్తెర పెడితే కార్డే తెగవచ్చు. గోడలకు రంగులేసేవాళ్లు వాడే నీలం టేపు తేలిగ్గా ఊడుతుంది, మరక మిగల్చదు. దాని ఒక కొసను చిన్నగా మడిచి వదిలితే కొన్నవాళ్లు వేలితో పట్టి లాగవచ్చు. ప్యాకింగ్ టపా దెబ్బలను ఆపితే సరిపోదు, విప్పే చేతుల నుంచి కూడా కార్డును కాపాడాలి. చాలామంది అమ్మకందార్లకు ఈ రెండో సగం గుర్తుండదు.

తర్వాత టాప్‌లోడర్‌ను రెండు అట్టముక్కల మధ్య ఉంచాలి. పార్శిల్ డబ్బాల అట్టను దగ్గరగా చూడండి. లోపల అలలుగా ముడతల గీతలుంటాయి. అట్ట ఆ గీతల వెంట తేలిగ్గా మడతపడుతుంది, అడ్డంగా మడతపడదు. అందుకే ఒక ముక్క గీతలు నిలువుగా, రెండోదానివి అడ్డంగా ఉండేలా పెడితే ఏ వైపూ సులభంగా వంగదు. అట్ట టాప్‌లోడర్ కంటే నాలుగు వైపులా కాస్త పెద్దదిగా ఉండాలి. కవరు మూల దెబ్బతిన్నా అట్ట నలుగుతుంది, కార్డు నలగదు. వీటిని రబ్బరు బ్యాండుతో బిగించవద్దు. ఆ ఒత్తిడి టాప్‌లోడర్‌ను వంచుతుంది. మొత్తాన్ని బబుల్ మెయిలర్‌లో (లోపల గాలిబుడగల పొర ఉన్న కవరు) పెట్టి పార్శిల్‌గా పంపాలి.

తేమ సంగతి వేరు. మెరిసే ఫాయిల్ కార్డులకు ఒకవైపు లోహపు పొర ఉంటుంది. కాగితం తేమను పీల్చి ఉబ్బుతుంది, లోహపు పొర ఉబ్బదు. దాంతో ఎండలో వేసిన అప్పడంలా కార్డు వంపు తిరుగుతుంది. టాప్‌లోడర్‌ను మూత అంటుకునే ప్లాస్టిక్ సంచిలో వేస్తే తేమ చాలావరకు ఆగుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల నుంచి వానాకాలంలో పంపేవారికి ఇది మరీ అవసరం.

ప్రతి కార్డుకూ ఇంత ఖర్చు తగదు. డాలరు కార్డుకు పార్శిల్ ఛార్జీ దానికి కొన్ని రెట్లు అవుతుంది. అందుకే ఈబే 2021లో 20 డాలర్ల లోపు కార్డులకు ట్రాకింగ్‌తో కూడిన చవక ఉత్తరం సదుపాయం తెచ్చింది. దాంట్లో కవరు పావు అంగుళం మందం దాటకూడదు, వంగేలా ఉండాలి. అంతకంటే విలువైనవాటికి పార్శిల్, బీమా తప్పనిసరి అని నా అభిప్రాయం. ప్యాక్ చేసేముందు కార్డు రెండు వైపులా, నాలుగు మూలలూ ఫొటో తీసి పెట్టుకుంటే తర్వాత తగవు వచ్చినా ఆధారం ఉంటుంది. చివరగా, కవరు అంటించేముందు చెవి దగ్గర పెట్టి మెల్లగా ఊపండి. లోపల ఏదైనా జారుతున్న చప్పుడు వస్తే విప్పి మళ్లీ సర్దండి.