ఓబార్ కొండపై సంకేత గోపురం

ఫ్రాన్స్ తూర్పు ప్రాంతమైన అల్సాస్‌లో, సవెర్న్ పట్టణానికి ఎగువన ఉన్న ఇసుకరాతి బండలపై 12వ శతాబ్దంలో కట్టిన ఓబార్ కోట నేడు శిథిలమై ఉంది. కింది మైదానమంతా కనిపించే ఆ కోటకు ‘అల్సాస్ కన్ను’ అనే పేరుంది. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున అక్కడి నుంచి స్ట్రాస్‌బర్గ్ కెథడ్రల్ శిఖరం సైతం కనబడుతుంది. కోటకు చేరువలో నిలిచిన చదరపు రాతి గోపురాన్ని 1798లో అక్కడే నిర్మించడానికి కారణం కూడా ఆ చూపుమేరే.

క్లోద్ షాప్ రూపొందించిన దృశ్య టెలిగ్రాఫ్, అంటే కంటికి కనిపించే గుర్తులతో వార్త పంపే పద్ధతి, 1794లో పారిస్, లీల్ నగరాల మధ్య మొదలైంది. పారిస్ నుంచి స్ట్రాస్‌బర్గ్ వరకు వేసిన మరో మార్గంలో ఓబార్ ఒక మజిలీ. గోపురం పైన నిలువు స్తంభానికి ఒక పొడవాటి దూలం, దాని రెండు కొసలకు రెండు చిన్న చేతులు ఉండేవి. ఆకాశం ఎదుట స్పష్టంగా కనిపించేందుకు వాటికి నల్లరంగు పూసేవారు. లోపలి ఉద్యోగి తాళ్లు, కప్పీల సాయంతో వాటిని తిప్పి, దుర్భిణిలో చూసిన పొరుగు గోపురపు భంగిమనే తానూ నిలిపి, తరువాతి గోపురం దాన్ని సరిగా అందుకున్నదో లేదో రెండవ దుర్భిణిలో సరిచూసుకునేవాడు. అయితే 92 పుటల్లో, పుటకు 92 పదాలో పదబంధాలో ఉన్న సంకేత నిఘంటువు మార్గం కొసల్లోని అధికారుల వద్దే ఉండేది కనుక, రాజ్య రహస్యాలు తన చేతుల మీదుగానే సాగిపోతున్నా వాటి అర్థం అతనికి తెలిసేది కాదు. అర్థం తెలియని పనిని అంత నిష్ఠగా చేసిన ఈ సామాన్య ఉద్యోగులకు చరిత్ర గ్రంథాలలో తగిన చోటు దక్కలేదనే చెప్పాలి.

పొగమంచు కమ్మినా, చీకటి పడినా వార్త దారిలోనే నిలిచిపోయేది. ఈ లోపం లేని విద్యుత్ టెలిగ్రాఫ్ రావడంతో 1852లో ఓబార్ కేంద్రం మూతపడింది. 20వ శతాబ్దంలో గోపురాన్ని పునరుద్ధరించి, పైన యంత్రాన్ని తిరిగి అమర్చారు. ఈ పని ఎంతో మెచ్చుకోదగినది. ఎందుకంటే ఇలాంటి ఇతర కేంద్రాలలో పలుచోట్ల మొండి గోడలే మిగలగా, ఆ రాళ్లను మాత్రమే చూసినవారికి పైన చేతులు ఎలా తిరిగేవో ఊహకు అందదు.