సరళరేఖ నుంచి పిక్సెళ్లకు: బ్రెసెన్‌హామ్ పద్ధతి

తొలినాటి వెక్టర్ తెరల్లో ఎలక్ట్రాన్ పుంజం ఒక కొన నుంచి రెండో కొనకు నేరుగా కదిలి గీత గీసేది. రాస్టర్ తెరకు అలాంటి గీత తెలియదు. దానికి తెలిసినవి వరసలుగా పేర్చిన పిక్సెళ్లే. కాబట్టి ప్రతి గీతకూ ఏ పిక్సెళ్లను వెలిగించాలో కంప్యూటరే తేల్చుకోవాలి.

గళ్ల కాగితం తీసుకుని (0,0) నుంచి (5,2) వరకు గీత గీయండి. వాలు 2/5, అంటే 0.4. ఎక్స్ విలువ 1, 2, 3, 4 అయినప్పుడు వై విలువ 0.4, 0.8, 1.2, 1.6 అవుతుంది. దగ్గరి పూర్ణాంకాలకు సవరిస్తే 0, 1, 1, 2. ఇంతే కదా అనిపిస్తుంది. కానీ ప్రతి పిక్సెల్‌కూ దశాంశాల లెక్క, ఆపైన సవరణ చేయడం ఆనాటి యంత్రాలకు పెద్ద భారం.

దీనికి దారి చూపినవాడు ఐబీఎంలో పనిచేసిన జాక్ బ్రెసెన్‌హామ్. ఆయన 1962లో ఈ పద్ధతిని రూపొందించింది తెర కోసం కాదు, ఐబీఎం 1401 కంప్యూటర్‌కు కలిపిన క్యాల్‌కాంప్ ప్లాటర్ కోసం. దాని కలం ఎనిమిది దిక్కుల్లో చిన్న చిన్న అడుగులుగా మాత్రమే కదిలేది. 1965లో ప్రచురితమైన ఈ పద్ధతి తర్వాత రాస్టర్ తెరలకూ చక్కగా సరిపోయింది.

ఇందులోని కిటుకు చూడండి. మనకు నిజానికి వై విలువ అక్కర్లేదు. అది రెండు పిక్సెళ్ల నడిమి బిందువుకు పైన ఉందా, కింద ఉందా అన్నదే కావాలి. మొదటి అడుగులో 0.4 నుంచి 0.5 తీసివేస్తే -0.1. భిన్నం పోవడానికి దీన్ని ఎక్స్ దూరానికి రెట్టింపుతో, అంటే 10తో గుణిస్తే -1. ఇదే నిర్ణయ విలువ. అది రుణాత్మకమైతే అదే వరసలో ఉండి 4 కలపాలి. లేకపోతే ఒక వరస పైకెక్కి 6 తీసివేయాలి (4 కలిపి, ఎక్కిన వరసకు 10 తగ్గించడమే ఇది). విలువలు వరసగా -1, 3, -3, 1, -5. పిక్సెళ్లు (1,0), (2,1), (3,1), (4,2), (5,2). దశాంశంతో వచ్చినవే ఇవి. కానీ ఇక్కడ కూడిక, తీసివేత, గుర్తు పరీక్ష తప్ప మరేమీ లేవు.

సూత్రం కంఠస్థం చేసిన విద్యార్థుల జవాబు పత్రాల్లో నేను ఎక్కువగా చూసిన తప్పు ఒకటుంది. పై నియమం వాలు 0కూ 1కీ మధ్య ఉన్నప్పుడే చెల్లుతుంది. (0,0) నుంచి (2,5)కు దాన్ని అలాగే వాడితే (1,1), (2,2) దగ్గరే గీత ఆగిపోతుంది, గమ్యం చేరదు! అప్పుడు ఎక్స్, వైల పాత్రలు మార్చాలి: వైని ఒక్కొక్కటిగా పెంచుతూ, ఎక్స్‌ను పెంచాలా వద్దా అని నిర్ణయించాలి. మీరే చేసి చూడండి. (0,1), (1,2), (1,3), (2,4), (2,5) రావాలి.