డిస్కు జారిందా? భయం వద్దు.. నిర్లక్ష్యమూ వద్దు

గుంటూరు: మిర్చి యార్డులో బస్తాలు మోసే హమాలీలు, రోజంతా వంగి నాట్లు వేసే కూలీలు, గతుకుల రోడ్లపై ఆటోలు నడిపే డ్రైవర్లు.. వీరందరినీ వేధించే సమస్య నడుము నొప్పి. అది కాలిలోకి పాకితే చాలు, ‘డిస్కు జారింది, ఇక ఆపరేషనే’ అన్న భయం పట్టుకుంటుంది. ఆ భయంతో కొందరు నడుము తొక్కించుకుంటుండగా, మరికొందరు వారాల తరబడి మంచానికే పరిమితమవుతున్నారు. ఈ రెండూ మేలు చేయవు.

అసలేం జరుగుతుంది?
వెన్నుపూసల మధ్య మెత్తల్లా 23 డిస్కులు ఉంటాయి. వీటికి వెలుపల గట్టి నారల పొర, లోపల జిగురు వంటి గుజ్జు ఉంటాయి. డిస్కు నిజానికి జారిపోదు. వయసుతో బలహీనపడిన పొర, వంగి బరువెత్తినప్పుడు చిట్లి గుజ్జు వెలుపలికి పొడుచుకువస్తుంది. అది నరాన్ని నొక్కితే పిరుదు నుంచి పాదం వరకు నొప్పి, తిమ్మిరి, మంట కలుగుతాయి. దీనినే సయాటికా అంటారు. నడుములోని చివరి రెండు డిస్కులే ఎక్కువగా దెబ్బతింటాయి.

చికిత్స ఇలా..
ఎక్కువ మందికి 6 నుంచి 12 వారాల్లో శస్త్రచికిత్స లేకుండానే ఉపశమనం లభిస్తుంది. వెలుపలికి వచ్చిన గుజ్జును చాలామందిలో శరీరమే క్రమంగా కరిగించుకుంటుంది. నొప్పి తీవ్రంగా ఉంటే ఒకటి రెండు రోజుల విశ్రాంతి చాలు. ఆ తరువాత మెల్లగా నడవాలి. వైద్యుల సలహాపై మందులు, ఫిజియోథెరపీ తీసుకోవాలి. నొప్పి లేనివారి ఎంఆర్‌ఐలోనూ డిస్కు ఉబ్బు కనిపించడం సాధారణం. కనుక స్కానింగ్ చూసి మాత్రమే ఆపరేషన్ నిర్ణయించరు. వారాలు గడిచినా కాలి నొప్పి తగ్గకపోయినా, కాలి బలం తగ్గుతున్నా శస్త్రచికిత్స ఆలోచిస్తారు. చిన్న కోతతో, నరాన్ని నొక్కుతున్న ముక్కను మాత్రమే తొలగిస్తారు.

ఆలస్యం తగదు
మూత్రం బిగుసుకుపోవడం లేదా తెలియకుండా పోవడం, మలవిసర్జనపై అదుపు తప్పడం, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం, రెండు కాళ్లూ బలహీనపడటం ప్రమాద సంకేతాలు. వీటిలో ఏది కనిపించినా అదే రోజు పెద్దాసుపత్రికి చేరాలి. జాప్యమైతే ఆ నష్టం జీవితాంతం మిగిలిపోవచ్చు. నడిచేటప్పుడు పాదం ముందుభాగం పైకి లేవకపోయినా వెంటనే చూపించుకోవాలి.

బరువెత్తేటప్పుడు..
నడుము వంచకుండా మోకాళ్లు వంచి కూర్చోవాలి. బస్తాను ఒంటికి దగ్గరగా పట్టుకుని లేవాలి. బరువుతో నడుమును పక్కకు తిప్పరాదు. బరువు ఎక్కువైతే ఇద్దరు కలిసి ఎత్తాలి. రెక్కాడితేగాని డొక్కాడని కూలీకి నడుమే పెట్టుబడి, దానిని కాపాడుకోవడమే తొలి వైద్యం.